పెరటి మట్టికి ఏ ఎరువు: పశువులదా, గొర్రెలదా, కోళ్లదా, వానపాములదా?

తొలకరికి ముందు పెరడు తవ్వి సిద్ధం చేసుకున్నవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఎరువుది. పాడి కొట్టం నుంచి ఒక ట్రాక్టరు పశువుల ఎరువు తోలిస్తే మరేమీ అక్కరలేదని ఒకరు అంటారు. కోళ్ల ఫారం నుంచి నాలుగు బస్తాలు తెచ్చుకుంటే దాని బలం ముందు పేడ ఏపాటిదని మరొకరు అంటారు. నర్సరీకి వెళ్తే వానపాముల ఎరువు, అంటే వర్మీకంపోస్టు సంచులే చూపిస్తారు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే గొర్రెల పెంటను మించింది లేదని తీర్పు చెబుతారు. నలుగురి మాటలోనూ నిజం ఉంది. నాలుగూ ఒకే పని చేస్తాయనుకుని, ఏది ఎక్కువ బలమైనది అన్న ఒక్క ప్రశ్నతోనే వాటిని తూచడం వల్లనే అసలు చిక్కు వస్తుంది. పొలానికి ఆ ప్రశ్న కొంతవరకు సరిపోవచ్చు గాని, పది గజాల మడిలో ఏడాది పొడవునా కూరగాయలు పండించుకోవాలనుకునేవారు బలం కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

మొట్టమొదటిది, మీ నేలకు లోటు ఏమిటన్నది. మొక్కకు నత్రజని, భాస్వరం, పొటాష్ వంటి పోషకాలు కావాలి. మట్టికి మాత్రం గుల్లదనం, తేమను పట్టి ఉంచే గుణం, వానపాములకూ సూక్ష్మజీవులకూ మేత కావాలి. మొదటిదాన్ని మొక్కకు పెట్టే తిండి అనుకుంటే, రెండవది మట్టికి ఒళ్లు పట్టించడం వంటిది. కోళ్ల ఎరువు తిండి ఎక్కువగానూ ఒళ్లు తక్కువగానూ ఇస్తుంది; పశువుల ఎరువు దీనికి సరిగ్గా తలకిందులు. మన ఎండలకు మట్టిలోని సేంద్రియ పదార్థం చాలా త్వరగా హరించుకుపోతుంది కాబట్టి, ఒకసారి బాగా ఎరువు వేశాం కదా అని మూడేళ్లు ఊరుకోవడానికి ఇక్కడ వీలుండదు. భూసార పరీక్షల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ ఉంటే ‘తక్కువ’ అనీ, 0.75 శాతం దాటితే ‘ఎక్కువ’ అనీ రాస్తారు. తెలంగాణ చల్క నేలల్లోనూ రాయలసీమ ఎర్ర నేలల్లోనూ చాలా మడులు మొదటి గీత కిందనే ఉంటాయి. అటువంటి నేలకు ముందు ఒళ్లు కావాలి, తిండి ఆ తర్వాతి మాట.

రెండవది మాగుదల. నన్నడిగితే, ఏ జంతువు ఎరువన్నదాని కంటే అది ఎంత మాగిందన్నదే పెద్ద ప్రశ్న. పచ్చి పెంటలోని నత్రజని అమ్మోనియాగా మారి లేత వేళ్లను మాడుస్తుంది. గడ్డీ, ఊకా ఎక్కువగా కలిసి సగం కుళ్లిన ఎరువుది మరో రకం బాధ: కర్బనం ఎక్కువగా ఉన్న ఆ గడ్డిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు నత్రజని అవసరమై, దాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచి లాక్కుంటాయి. తెలుగులో ఎరువు అంటే అప్పుగా తెచ్చుకున్నది అనే అర్థం కూడా ఉంది. ఇక్కడ ఆ రెండు అర్థాలూ ఒకచోట కలుస్తాయి. వేసిన ఎరువే నేల నుంచి నత్రజనిని ఎరువు తెచ్చుకుంటుంది, ఆ అప్పు తీరేదాకా మొక్కలు పాలిపోయి నిలబడిపోతాయి.

మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలివాన మట్టి వాసనతో ఉంటుంది. అది పేడ అనో గడ్డి అనో విడిగా గుర్తుపట్టలేము. అనుమానం ఉంటే గుప్పెడు ఎరువును కొద్దిగా తడిపి, ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా కట్టి, మూడు నాలుగు రోజులు నీడలో ఉంచి విప్పి చూడాలి. ముక్కు చిట్లించే ఘాటు గాని, మురుగు వాసన గాని వస్తే అది ఇంకా మాగలేదు. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, ఒక కుండీలో ఉత్త మట్టినీ మరో కుండీలో సగం మట్టి, సగం ఎరువునూ పోసి, రెండింటిలోనూ ముల్లంగి విత్తనాలు చల్లి, పది రోజుల తర్వాత మొలకల సంఖ్యనూ రంగునూ పోల్చుకోవచ్చు.

మూడవది ఉప్పు. కోళ్ల ఎరువులోనూ గొర్రెల ఎరువులోనూ లవణాలు ఎక్కువ. మంచి వాన పడే చోట, నీరు ఇంకిపోయే నేలలో వాటి వల్ల ఇబ్బంది లేదు. బకెట్లకు తెల్ల పొర కట్టే బోరు నీటితో కుండీలు తడిపేవారికి మాత్రం నీటిలోని ఉప్పుకు ఎరువులోని ఉప్పు తోడై, ఆకుల అంచులు మాడడం మొదలవుతుంది.

నాలుగవది, ఎరువు వెంట వచ్చే పిలవని చుట్టాలు. మేతతో పాటు పశువు మింగిన కలుపు గింజల్లో కొన్ని చెక్కుచెదరకుండా పేడలోకి వస్తాయి. పెంటకుప్ప మీదనే మొలిచి గింజ రాల్చిన వయ్యారిభామ, అడవి తోటకూర వీటికి అదనం. కుప్ప లోపల వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు నిలిచి, మధ్యలో తిరగేసినప్పుడు పైభాగం కూడా లోపలికి వెళ్తే, కలుపు గింజల్లో ఎక్కువ భాగమూ రోగకారక క్రిములూ చస్తాయి. పచ్చి పెంట సంగతిలో అమెరికా సేంద్రియ సాగు నిబంధనలు మంచి కొలమానం ఇస్తాయి: పచ్చి పెంటను మట్టిలో కలిపిన తర్వాత, తినే భాగం మట్టికి తగిలే పంటనైతే 120 రోజులు, తగలని పంటనైతే 90 రోజులు గడిచాకే కోయాలి. మన తోటకూర, పాలకూర, కొత్తిమీర నెల, నెలన్నరలో కోతకు వస్తాయి. అంటే ఆకుకూరల మడిలో పచ్చి పెంటకు అసలు చోటే లేదన్నమాట.

దొరకడం, మోత, వాసన, ధర అన్నవి ఎవరికి వారు లెక్క వేసుకోగలిగినవే. అయితే సిమెంటు వీధిలో ట్రాక్టరు ఎరువు దింపించే ముందు పక్కింటివారితో ఒక మాట చెప్పడం మంచిది.

## అంకెలు ఒకచోట

కింది పట్టికలోని శాతాలు సుమారుగా ఇచ్చినవి. మేతను బట్టి, తేమను బట్టి, నిల్వను బట్టి అవి ఎంతో మారుతాయి. మోతాదు ఒక సెంటుకు, అంటే దాదాపు 48 చదరపు గజాలకు, ఏడాదికి ఒకసారి దుక్కిలో వేసేది.

| ఎరువు | నత్రజని % | భాస్వరం % | పొటాష్ % | సెంటుకు మోతాదు | ముఖ్య గుణం |
|---|---|---|---|---|---|
| మాగిన పశువుల ఎరువు | 0.5 | 0.2 | 0.5 | 100 కిలోలు | మట్టికి ఒళ్లు |
| గొర్రె, మేక ఎరువు | 3 వరకు | 1 | 2 | 40–50 కిలోలు | ఒళ్లు, తిండి రెండూ |
| కోళ్ల ఎరువు | 3 | 2.6 | 1.4 | 10–15 కిలోలు | వేగమైన తిండి |
| వర్మీకంపోస్టు | 1–2 | 1 | 1 | 20–40 కిలోలు | నారుకు, కుండీకి అనువు |
| వేప చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) | 5 | 1 | 1.4 | 2–3 కిలోలు | తోడు మాత్రమే |

ఈ అంకెలను చూసి పశువుల ఎరువును తక్కువ చేయడం చాలామంది చేసే పొరపాటు. లెక్క వేసి చూడండి: 100 కిలోల పశువుల ఎరువులో అర కిలో నత్రజని ఉంటుంది, 15 కిలోల కోళ్ల ఎరువులోనూ ఇంచుమించు అంతే. తిండి లెక్కలో రెండూ సమానమే గాని, మట్టికి చేరే సేంద్రియ పదార్థం మాత్రం మొదటిదానిలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పైగా పశువుల ఎరువులోని నత్రజనిలో మూడో వంతు మాత్రమే మొదటి పంటకు అందుతుంది, మిగిలినది తర్వాతి పంటలకు మెల్లగా విడుదలవుతుంది. కోళ్ల ఎరువులో సగానికి పైగా మొదటి కొద్ది నెలల్లోనే ఖర్చయిపోతుంది.

## పశువుల ఎరువు

ఉత్తరాంధ్రలో గెత్తం అన్నా, మరోచోట పెంట అన్నా, దిబ్బ ఎరువు అన్నా, ఇది పేడ, తొక్కుడు గడ్డి, కొట్టం ఊడ్చిన చెత్త కలిసి మాగినది. ఆవుదా గేదెదా అన్న తేడాను పెరటి తోటలో పట్టించుకోనవసరం లేదు. పట్టించుకోవలసినది మూత్రం సంగతి. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో పెద్ద భాగం మూత్రంలోనే ఉంటాయి. నేల మీద గడ్డి పరిచి, తడిసిన గడ్డిని రోజూ దిబ్బలో వేసే కొట్టపు ఎరువుకూ, రాతి బండలను గొట్టంతో కడిగి మూత్రమంతా మురుగులోకి వదిలేసే నగరపు డెయిరీ పేడకూ బలంలో తేడా ఇక్కడే వస్తుంది. రెండూ దొరికితే మొదటిదానికి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఎర్ర నేలలో ఇది నీటిని పట్టి ఉంచుతుంది. నల్లరేగడిలో, ఎండాకాలం నెర్రెలు విచ్చి వానాకాలం బంకగా మారే ఆ మట్టిని విడదీసి, వేళ్లకు గాలి ఆడనిస్తుంది. ఒకే ఎరువు రెండు భిన్నమైన నేలలకు రెండు భిన్నమైన రోగాలు నయం చేయడం వింతగా తోచవచ్చు. రెండుచోట్లా జరిగేది మట్టి రేణువులు చిన్న చిన్న ఉండలుగా కట్టుకోవడమే. ఎక్కువ వేసినా ప్రమాదం తక్కువ. కొత్తగా తోట మొదలుపెట్టేవారికి నేను మొదట దీన్నే చెప్పడానికి కారణం అదే: చేయి కాస్త అటూ ఇటూ అయినా మొక్క చావదు.

లోపాలు లేకపోలేదు. మోత ఎక్కువ. కలుపు గింజలు దీనిలోనే అధికం. కుప్పలో లావుపాటి తెల్ల పురుగులు ముడుచుకుని కనిపిస్తే వాటిని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. వాటిలో కొన్ని మొక్కల వేళ్లు కొరికే వేరు పురుగులు, మరికొన్ని కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్లలు. కోనసీమలో కొబ్బరి చెట్ల దాపున పెంటకుప్ప పెట్టుకోవడం ఆ పురుగుకు పురిటిల్లు కట్టి ఇవ్వడమే. కుప్పను రెండు నెలలకోసారి తిరగేసి పురుగులను ఏరివేయడం, మెటారైజియం అనే శిలీంద్రపు పొడిని కుప్పలో కలపడం దీనికి విరుగుడు. ఇంట్లో కోళ్లు ఉంటే ఏరే పని అవే చూసుకుంటాయి.

## గొర్రె, మేక ఎరువు

బలంలోనూ ఒళ్లులోనూ నడిమి దారి ఇది. తేమ తక్కువ కాబట్టి మోయడం తేలిక, వాసన తక్కువ, గడ్డీ చెత్తా తక్కువ. పంట కోసిన చేలలో మంద పెట్టించుకుని, రాత్రికి ఇంత అని కాపరులకు ధాన్యమో డబ్బో ఇచ్చే పద్ధతి తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇంకా ఉంది. పెంటతో పాటు మూత్రం కూడా నేరుగా మట్టిలోకి ఇంకడం దాని అసలు లాభం. పెరట్లో మంద పెట్టించలేము గనుక బస్తాల్లోనే తెచ్చుకోవాలి.

ఎండిన మేక పెంటికలు గోళీల్లా గట్టిపడి, నెలల తరబడి మట్టిలో అలాగే ఉండిపోతాయి. చాలామంది వాటిని కుండీ మట్టి మీద చల్లి, నీళ్లు పోస్తూ ఫలితం కోసం ఎదురుచూస్తారు. వాటిని రెండు రోజులు నానబెట్టి, లేదా రోకలితో దంచి, పశువుల ఎరువు కుప్పలోనో ఎండుటాకుల్లోనో కలిపి మాగనిస్తేనే అసలు బలం బయటపడుతుంది. గులాబీ, మల్లె, నిమ్మ, మామిడి వంటి ఏళ్ల తరబడి ఉండే మొక్కల పాదుల్లో ఇది బాగా పని చేస్తుంది. లవణాలు ఎక్కువ కాబట్టి నారుమడికి వద్దు.

## కోళ్ల ఎరువు

దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పెరటి తోటల్లో మొక్కలు ‘ఎరువు వేశాక’ చచ్చిపోయిన కథల్లో చాలావాటికి మూలం ఇదే. కోడి మూత్రాన్ని విడిగా విసర్జించదు. రెట్టలోని తెల్లటి భాగమే దాని మూత్రం. అందులోని యూరిక్ ఆమ్లం తడి తగలగానే త్వరత్వరగా అమ్మోనియాగా మారుతుంది. మా పెరట్లో ఒక ఏడు ఫారం నుంచి తెచ్చిన తాజా ఎరువును వంగ మొదళ్ల చుట్టూ పోసి నీళ్లు పెట్టాము. నాలుగు రోజుల్లో ఆకులు అంచుల నుంచి లోపలికి మాడిపోయాయి, బతికిన రెండు మొక్కలూ ఆ పంటకాలమంతా పొదలా పెరిగాయే తప్ప కాయ పట్టలేదు. ఎక్కువైన నత్రజనితో ఆకు మెత్తబడితే పేనుబంకకు అది విందు.

కోళ్ల ఎరువు రెండు రకాలుగా దొరుకుతుంది, రెండూ ఒకటి కావు. మాంసపు కోళ్ల షెడ్డులో కింద పరిచిన ఊకతో కలిసి వచ్చేది ఒకటి. అందులో ఊక పాలు ఎక్కువ కాబట్టి బలం తక్కువ, మాగడానికి సమయం ఎక్కువ. బోనుల్లో పెంచే గుడ్ల కోళ్ల కింద పేరుకునేది రెండవది. అది దాదాపు ఉత్త రెట్ట. గుడ్డు పెంకు గట్టిగా ఉండడానికి ఆ కోళ్ల దాణాలో సున్నం కలుపుతారు కాబట్టి ఆ ఎరువులోనూ సున్నం ఎక్కువే. ఆమ్లగుణం ఉన్న నేలకు అది మేలు చేస్తుంది గాని, ముందే క్షారగుణం ఉండి సున్నపు గరుసు కనిపించే నల్లరేగడికి చేటు. ఏటేటా ఇదే వేస్తే భాస్వరం పేరుకుపోయి, మొక్కకు జింకు, ఇనుము అందకుండా అడ్డుపడుతుంది. అప్పుడు లేత ఆకుల్లో ఈనెలకు మధ్య ఉన్న భాగం పసుపు రంగుకు తిరుగుతుంది. అది చూసి ఎరువు చాలలేదేమోనని మరో బస్తా వేసేవారూ ఉన్నారు.

ఇంతా చెప్పి దీన్ని వద్దంటున్నానని అనుకోకండి. ఒక వంతు కోళ్ల ఎరువుకు రెండు మూడు వంతుల ఎండుటాకులు, వరిగడ్డి ముక్కలు కలిపి, తడిపి, కప్పి, పదిహేను రోజులకోసారి తిరగేస్తూ మూడు నెలలు మాగనిస్తే, మొక్కజొన్న, క్యాబేజీ, అరటి, బొప్పాయి వంటి తిండిపోతు మొక్కలకు దీనికి సాటి వచ్చేది తక్కువ. చిక్కుడు, గోరుచిక్కుడు, బెండ వంటివాటికి అంత బలం అక్కరలేదు; చిక్కుడు జాతి తన నత్రజనిని తానే సంపాదించుకుంటుంది.

## వర్మీకంపోస్టు

వానపాములు తిని విసర్జించిన ఎరువు మెత్తగా, వాసన లేకుండా, చేత్తో పట్టుకోవడానికి అసహ్యం పుట్టనిదిగా ఉంటుంది. లేత వేళ్లను మాడ్చదు. నారు పోయడానికి, కుండీలకు, అపార్టుమెంటు బాల్కనీకి ఇంతకంటే అనువైనది లేదు. దీని గురించిన అతిశయోక్తులే ఇబ్బంది. పెద్ద మడికి ఒళ్లు పట్టించాలంటే దీనితో అయ్యే ఖర్చుకు అనేక బండ్ల పశువుల ఎరువు వస్తుంది. వానపాముల పడకను చల్లగా ఉంచాలి కాబట్టి అందులో కుప్పలో పుట్టే వేడి పుట్టదు. అందువల్ల ముందుగా వేడెక్కి చల్లారిన పేడను వాడకపోతే కలుపు గింజలు బతికే ఉంటాయి.

కొనేటప్పుడు కల్తీ చూసుకోవాలి. నేను ఒకసారి కొన్న సంచిలో సగం చెరువు మట్టి ఉంది. గుప్పెడు ఎరువును గాజు గ్లాసు నీళ్లలో వేసి కలిపి పది నిమిషాలు వదిలితే, ఇసుకా మట్టీ అడుగున పొరగా దిగి మోసం బయటపడుతుంది. తూకంలో మరీ బరువుగా ఉండే చిన్న సంచిని కూడా అనుమానించాలి.

## పక్కన నిలబడే మరికొన్ని

వేప చెక్క, ఆముదపు చెక్క, వేరుశనగ చెక్క పోషకాలు దండిగా ఉన్నవే గాని మట్టికి ఒళ్లు ఇచ్చేంత పరిమాణంలో ఎవరూ వేయలేరు. వాటిని పచ్చడిలా పక్కన పెట్టుకోవాలి. ఆముదపు చెక్క వాసనకు కుక్కలు వచ్చి తింటాయి, అది వాటికి విషం. పెంపుడు కుక్క ఉన్న ఇంట్లో దాన్ని వాడకపోవడమే మేలు. గోబర్ గ్యాస్ స్లర్రీ దొరికేవారు అదృష్టవంతులు. దానిలో కలుపు గింజలు తక్కువ, నత్రజని మొక్కకు త్వరగా అందుతుంది, కాని ఎండబెడితే ఆ నత్రజని గాలిలో కలిసిపోతుంది కాబట్టి తడిగానే వాడాలి. పది కిలోల పేడను నీటిలో పులియబెట్టి 200 లీటర్లు తయారుచేసే జీవామృతాన్ని ఎరువుకు బదులుగా లెక్కించడం సరికాదు. సూక్ష్మజీవుల కోసమని దాన్ని వాడేవారికి కూడా, ఆ జీవులు తినడానికి మట్టిలో సేంద్రియ పదార్థం ఉండాలి.

అమెరికాలో ఇంటి వెనుక బీర, గోంగూర, తోటకూర పెంచుకునే తెలుగువారికి గుర్రపు ఎరువు తేలికగా దొరుకుతుంది. మంచిదే, కాని ఒక జాగ్రత్త ఉంది. అక్కడి గడ్డి మైదానాల్లో వాడే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్ వంటి కలుపు మందులు గడ్డి ద్వారా జంతువు కడుపులోకి వెళ్లి, చెక్కుచెదరకుండా పెంటలోకి వచ్చి, కంపోస్టు అయ్యాక కూడా మిగిలి ఉండగలవు. టమాటా, చిక్కుడు వాటికి తట్టుకోలేవు. ఆ ఎరువు కలిపిన కుండీలో చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూడాలి. కొత్త ఆకులు దొప్పల్లా ముడుచుకుని మెలితిరిగితే ఆ ఎరువును మడిలోకి రానివ్వకూడదు.

## ఎవరికి ఏది

కొత్తగా ఇల్లు కట్టుకుని, ఖాళీ జాగాలో తోట వేయాలనుకునేవారి నేల నిజానికి నేల కాదు. పునాది తవ్వి పోసిన అడుగు మట్టి, సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు కలిసిన గుట్ట. సిమెంటులోని సున్నం వల్ల అది ముందే క్షారంగా ఉంటుంది కాబట్టి గుడ్ల కోళ్ల ఎరువు జోలికి పోకూడదు. పెళ్లలు ఏరివేసి, మొదటి ఏడాది పశువుల ఎరువును పట్టికలోని మోతాదుకు రెట్టింపు వేసి, వీలైతే తొలకరికి జనుమో జీలుగో చల్లి, 45 రోజులకు పూత దశలో మట్టిలో కలిపేయాలి. కూరగాయలు ఆ తర్వాత. తొందరపడి మొదటే టమాటా నాటి, రాలేదని నిరాశపడేవారి కంటే ఆ రెండు నెలలు ఆగినవారే ముందు పంట తింటారు.

తీరప్రాంతపు ఇసుక నేలవారిది వేరే లెక్క. ఇసుకలో నీటితో పాటు నత్రజని కూడా కిందికి జారిపోతుంది. ఏడాదికి ఒక్కసారి పెద్ద మోతాదు కాక, అదే పశువుల ఎరువును పంటకొకసారి చొప్పున మూడు విడతలుగా వేయాలి. చెరువు పూడిక మట్టి దొరికితే దానితో కలపాలి. ఆ ఒండ్రులోని బంకమట్టి లేకపోతే ఇసుకలో ఏ ఎరువూ ఎక్కువ కాలం నిలవదు. నల్లరేగడివారు పశువుల ఎరువునే నమ్ముకుని, కోళ్ల ఎరువును రెండు మూడేళ్లకోసారి, అదీ మాగబెట్టి మాత్రమే వాడుకోవాలి.

మిద్దె తోటవారు ముందు బరువు చూసుకోవాలి. తడిసిన మట్టి ఘనపుటడుగుకు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అందుకే ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు కొబ్బరి పొట్టు, ఒక వంతు ఎరువు అన్న కలపడం వాడుకలోకి వచ్చింది. ఆ మూడో వంతులో సగం మాగిన పశువుల ఎరువు, సగం వర్మీకంపోస్టు అయితే ఖర్చుకు ఖర్చు కలిసి వస్తుంది, కుండీ మట్టి కుంగిపోవడమూ తగ్గుతుంది. కోళ్ల ఎరువును మిద్దె మీదికి ఎక్కించవద్దు. కుండీలో ఉప్పు పోవడానికి పెద్దగా దారి లేదు, కింది అంతస్తువారికి వాసన పోవడానికి మాత్రం కావలసినంత దారి ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉండి, వచ్చే ఏడాది ఎక్కడ ఉంటామో తెలియనివారు నేలకు ఒళ్లు పట్టించే శ్రమ పెట్టుకోనవసరం లేదు. పాదుల వరకే గొయ్యి తీసి, అందులో మాత్రమే గొర్రెల ఎరువో వర్మీకంపోస్టో కలిపి నాటుకుంటే సరిపోతుంది.

## వేసే వేళ

ఎరువు ఎంత మంచిదైనా, ఎండలో కుప్పలుగా పోసి నెలల తరబడి వదిలేస్తే దానిలోని నత్రజనిలో చాలా భాగం గాలిపాలవుతుంది. వేసవిలో పొలాల నిండా కనిపించే ఆ చిన్న చిన్న పెంటకుప్పలు చూడముచ్చటగా ఉంటాయి గాని, వాటి ఖర్చు రైతుకు కనిపించదు. పెరట్లో ఆ తప్పు చేయనవసరం లేదు: నాటడానికి రెండు మూడు వారాల ముందు, సాయంత్రం పూట పరిచి, ఆ రోజే జానెడు లోతు వరకు మట్టిలో కలిపి, ఒక తడి ఇవ్వాలి. మిగిలిన ఎరువును చెట్టు నీడన కుప్ప చేసి, పైన ఎండుటాకులు కప్పి, వాన నీరు దానిలోంచి కారిపోకుండా పాత టార్పాలిన్ పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి.